రోడ్డు ఎంత బరువు మోయగలదు?

రెండేళ్లకు పైగా లారీలను గుండ్రంగా తిప్పి, కొత్త రోడ్లను కావాలనే పాడుచేసిన ఒక మహా పరీక్ష ప్రపంచానికి నేర్పిన పాఠం

1958 అక్టోబరు 15. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, షికాగో నగరానికి నైరుతి దిశగా సుమారు 80 మైళ్ల దూరాన, ఒటావా అనే చిన్న పట్టణం సమీపంలో కొన్ని లారీలు కొత్తగా వేసిన రోడ్డుమీదికి వచ్చాయి. నడుపుతున్నవారు సైనికులు. లారీలు ఏ ఊరికీ పోవడం లేదు. వాటిలో ఉన్నది ఏ అంగడికీ చేరవలసిన సరుకు కాదు. లెక్క ప్రకారం తూచి, కదలకుండా బిగించిన బరువు మాత్రమే. ఆ రోడ్డు కూడా ఎక్కడికీ పోదు. కొంతదూరం తిన్నగా సాగి, మలుపు తిరిగి, బయలుదేరిన చోటికే వస్తుంది.

రోడ్డు వేసేవారెవరైనా అది చిరకాలం మన్నాలని కోరుకుంటారు. ఒటావాలో రోడ్డు వేసినవారు మాత్రం అది ఎప్పుడు పాడవుతుందో, ఎలా పాడవుతుందో కళ్లారా చూడడానికే వేశారు. 1960 నవంబరు 30 వరకు ఆ లారీలు అలా తిరుగుతూనే ఉన్నాయి. అన్నీ కలిసి నడిచిన దూరం 1 కోటి 70 లక్షల మైళ్లకు పైమాట. ఆ నడకలో తేలిన ఒక లెక్క ఆనాటినుంచి నేటివరకు ప్రపంచంలోని అనేక దేశాల రోడ్ల మందాన్ని, లారీల బరువును, చివరకు పౌరులు చెల్లించే పన్నులను కూడా ప్రభావితం చేస్తూ వస్తోంది. మన దేశం అందుకు మినహాయింపు కాదు.

ఎవరి వాటా ఎంత?

అది అమెరికాలో రహదారుల యుగం. 1956 జూన్ 29న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టం 41,000 మైళ్ల అంతర్‌రాష్ట్ర రహదారుల నిర్మాణానికి దారి తీసింది. అంతటి పనిలో రోడ్డు మందం ఒక్క అంగుళం పెరిగినా ఖర్చు కోట్ల డాలర్లలో పెరుగుతుంది. ఒక్క అంగుళం తగ్గితే పదేళ్లు మన్నవలసిన రోడ్డు మూడేళ్లకే గుంటలు పడవచ్చు. ఎంత మందం చాలునో నిశ్చయంగా చెప్పగలవారు అప్పటికి లేరు. ఇంజనీర్లు అనుభవాన్ని, ఊహను కలిపి అంచనాలు వేసుకొనేవారు.

దీనికి తోడు మరొక వివాదం ఏళ్ల తరబడి నలుగుతోంది. లారీల మీద అనుమతించదగిన బరువు ఎంత? పరిమితులు రాష్ట్రానికొక తీరుగా ఉండేవి. పెద్ద లారీలే రోడ్లను నాశనం చేస్తున్నాయని, వాటి మరమ్మతు భారం కార్ల యజమానుల మీద పడుతోందని కొందరు వాదించారు. ప్రజల సొమ్ముతో వేసిన దారుల మీద లారీ కంపెనీలు తమ సరుకును తన్నుకుపోతున్నాయని రైల్వేల గోడు. లారీలవారి సమాధానం వేరు. సరుకు లేనిదే దేశం లేదు, తాము కడుతున్న పన్నులు చాలునని వారి వాదం. ఎవరి మాటకూ బలమైన ఆధారం లేదు. సాక్ష్యం చెప్పగలిగినది ఒక్కటే, అది రోడ్డు.

రోడ్డును సాక్షిగా పిలవడం అదే మొదటిసారి కాదు. 1920ల తొలి సంవత్సరాల్లో ఇదే ఇల్లినాయ్‌లో, బేట్స్ అనే చోట, లారీలను నడిపి రోడ్లను పరీక్షించారు. 1950లో మేరీలాండ్ రాష్ట్రంలో అప్పటికే వాడుకలో ఉన్న ఒక సిమెంటు కాంక్రీటు రోడ్డు ముక్కపై, 1952 నుంచి 1954 వరకు ఐడహో రాష్ట్రంలోని మలాడ్ వద్ద తారు రోడ్లపై అటువంటి ప్రయత్నాలే జరిగాయి. ఐతే అవన్నీ చిన్న పరిధిలోనివి. ఒక చోట తారు, మరొక చోట కాంక్రీటు. రెండింటినీ ఒకే నేలమీద, ఒకే ఎండకు, ఒకే వానకు నిలిపి పోల్చి చూసినవారు లేరు.

ఆ లోటు తీర్చడానికి పూనుకొన్నది అమెరికా రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం. ఆంగ్లంలోని దాని పొడి అక్షరాలను కలిపి ‘ఆషో’ అనేవారు. పరీక్షకు ఆ పేరే స్థిరపడింది. నిర్వహణ బాధ్యతను జాతీయ విజ్ఞాన అకాడమీకి చెందిన రహదారి పరిశోధన మండలి స్వీకరించింది. మొత్తం వ్యయం సుమారు 2 కోట్ల 70 లక్షల డాలర్లు. రాష్ట్రాలు, కేంద్ర ప్రభుత్వం, వాహన పరిశ్రమ, పెట్రోలియం పరిశ్రమ తలా కొంత భరించాయి. తగవులో ఉన్న పక్షాలు చాలావరకు ఖర్చులోనూ పాలుపంచుకున్నందువల్ల తీర్పును తోసిపుచ్చడం ఎవరికీ సులభం కాలేదు.

నేలనుంచి మొదలైన జాగ్రత్త

పరీక్ష నిష్పాక్షికంగా ఉండాలంటే ముందు నేల ఒకేలా ఉండాలి. ఒక చోట బంకమన్ను, మరొక చోట ఇసుక ఉంటే రోడ్డు పాడైనప్పుడు తప్పు బరువుదో, నేలదో తేలదు. అందువల్ల దారి పొడవునా ఒకే రకపు మట్టిని తెచ్చి, మూడడుగుల ఎత్తున పోసి, తేమను కొలుస్తూ, ఒకే గట్టితనం వచ్చేదాకా రోలర్లతో తొక్కించారు. నిర్మాణం 1956లో ప్రారంభమై రెండేళ్లకు పైగా సాగింది.

ఆ కట్టమీద ఆరు వలయాలు వేశారు. ప్రతి వలయంలోనూ రెండు తిన్నని దారులు; ఒకటి తారుది, మరొకటి సిమెంటు కాంక్రీటుది. వాటిని కలుపుతూ రెండు చివరలా మలుపులు. తిన్నని దారులను చిన్న చిన్న ఖండాలుగా విభజించారు. మొత్తం 836 ఖండాలు. ఏ ఖండమూ పక్కదానిలా ఉండదు. తారు పొర ఒక చోట ఒక అంగుళం, మరొక చోట ఆరంగుళాలు. దానికింద కంకర పొర కొన్ని చోట్ల మందం, కొన్ని చోట్ల పలుచన, కొన్ని చోట్ల అసలు లేదు. కాంక్రీటు పలకల మందం రెండున్నర అంగుళాల నుంచి పన్నెండున్నర అంగుళాల వరకు ఉంది. ఏ ఖండం ఎక్కడ రావాలన్నది ఇంజనీర్ల ఇష్టానికి వదలకుండా, గణాంక శాస్త్ర నియమాన్ని అనుసరించి చీట్లు తీసిన పద్ధతిలో నిర్ణయించారు. మంచి ఖండాలన్నీ మంచి చోట పడ్డాయన్న నింద రాకూడదు కదా! రోడ్లతోపాటు 16 చిన్న వంతెనలను కూడా పరీక్షకు కట్టారు.

మొదటి వలయంలో వాహనమే నడపలేదు. బరువు లేకుండా ఎండ, వాన, మంచు మాత్రమే రోడ్డును ఏం చేస్తాయో చూడడానికి దానిని విడిచిపెట్టారు. మిగిలిన ఐదింటిలో ఒక్కొక్క దారికి ఒక్కొక్క బరువు కేటాయించారు. రెండవ వలయంలో ఇరుసుకు టన్నుకంటె తక్కువ బరువున్న తేలిక బండ్లు కూడా ఉన్నాయి. అక్కడినుంచి బరువు వలయం వలయానికీ పెరుగుతూ పోయి, ఆరవ వలయంలో ఒంటి ఇరుసుకు 13.6 టన్నులు, జంట ఇరుసులకు 21.8 టన్నులు అయింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. రోడ్డుకు లారీ మొత్తం బరువుతో నిమిత్తం లేదు. దానికి తెలిసింది ఒక్కొక్క ఇరుసు తనమీద మోపే బరువు మాత్రమే.

రేయింబవళ్ల నడక

లారీలను నడిపే పని అమెరికా సైన్యపు రవాణా విభాగానికి అప్పగించారు. సైనికులకు అక్కడే బస ఏర్పాటు చేశారు. వేగం గంటకు 35 మైళ్లు. రోజుకు పద్ధెనిమిది గంటలకు పైగా పని. మలుపు, తిన్నని దారి, మళ్లీ మలుపు. ముందు లారీ వెనుక దీపాలు తప్ప చూడవలసినది లేదు. చేరవలసిన ఊరు లేదు. చివరి దశలో అటువంటి వాహనాలు 126 ఉన్నాయి. రెండేళ్లు ముగిసేసరికి చివరిదాకా నిలిచిన ప్రతి ఖండంమీదా 11 లక్షల 14 వేల సార్లు ఇరుసులు దొర్లాయి.

సైనికులు విశ్రమించే వేళ ఇంజనీర్లు దారిమీదికి వచ్చేవారు. పగుళ్లను పటాలలో గుర్తించడం, చక్రాల జాడ ఎంత లోతుకు కుంగిందో కొలవడం, బరువు పడినప్పుడు రోడ్డు ఎంత వంగి మళ్లీ ఎంత లేస్తుందో చూడడం వారి పని. ఈ చివరి కొలతకు వాడిన పొడవైన దూలం వంటి సాధనాన్ని మలాడ్ పరీక్ష కాలంలో బెంకెల్మన్ అనే ఇంజనీరు రూపొందించాడు. ఆయన పేరుతోనే అది తరువాత మన దేశానికీ వచ్చింది. పాత తారు రోడ్డుపై కొత్త పొర ఎంత మందాన వేయాలో తేల్చడానికి మన ఇంజనీర్లు దశాబ్దాలుగా ‘బెంకెల్మన్ బీమ్’నే ఆశ్రయించారు.

చెడ్డ రోడ్డు అంటే ఏమిటి?

పరీక్ష సాగుతుండగానే ఒక విచిత్రమైన ప్రశ్న ఎదురైంది. ఖండం పాడయిందని ఎప్పుడు చెప్పాలి? ఒక ఇంజనీరుకు సన్నని పగులు కనబడితే చాలు, రోడ్డు చెడినట్టే. మరొకరికి గుంట పడేదాకా అది మంచి రోడ్డే. ఈ చిక్కును విలియం కేరీ, పాల్ ఐరిక్ అనే ఇద్దరు పరిశోధకులు తీర్చిన తీరు ఎంతో సరళమైనది. రోడ్డు ఉన్నది జనం నడవడానికి. కనుక అది మంచిదో, చెడ్డదో చెప్పవలసినది దానిమీద ప్రయాణం చేసేవారే.

వేర్వేరు వర్గాలకు చెందిన కొందరిని ఎంపిక చేసి, మూడు రాష్ట్రాలలోని మామూలు రోడ్లమీద తిప్పారు. ప్రయాణం ఎంత సుఖంగా ఉందో చూసి సున్నా నుంచి ఐదు వరకు మార్కులు వేయమన్నారు. ఆ మార్కులను రోడ్డు ఎగుడుదిగుళ్లతో, పగుళ్లతో, అతుకులతో పోల్చి ఒక సూత్రం తయారు చేశారు. ఆ తరువాత మనుషుల అవసరం లేకుండానే యంత్రపు కొలతలనుంచి మార్కు లెక్కగట్టడం సాధ్యమయింది. కొత్త తారు ఖండాలకు 4.2, కాంక్రీటు ఖండాలకు 4.5 వచ్చాయి. 1.5కు దిగజారిన ఖండాన్ని పరీక్షనుంచి తొలగించేవారు. రోడ్డు పనితనాన్ని బాటసారి సుఖంతో ముడిపెట్టిన ఈ ఆలోచన ఆ పరీక్ష అందించిన గొప్ప కానుకలలో ఒకటి.

నీరు చేసిన ద్రోహం

ఖండాలు ఒకే తీరున క్షీణించలేదు. నెలల తరబడి చెక్కుచెదరకుండా ఉన్న తారు దారులు కొన్ని వారాల వ్యవధిలో కుప్పకూలాయి. అది వసంత ఋతువు. శీతకాలమంతా నేలలోని నీరు గడ్డకట్టి రాయిలా ఉంటుంది. వసంతంలో ఆ మంచు కరుగుతుంది. కింది పొరలు ఇంకా గడ్డకట్టే ఉండడంతో నీరు దిగువకు ఇంకలేదు. కంకర పొరల్లో, మట్టిలో నిలిచిపోతుంది. పైకి రోడ్డు నిన్నటిలాగే కనబడుతుంది; లోపల బలం హరించుకుపోతుంది. అటువంటి వేళ మీదికి వచ్చిన బరువు లారీ మరొక కాలంలో చేయలేని నష్టం చేస్తుంది.

కాంక్రీటు దారుల్లోనూ శత్రువు నీరే. పలకల అతుకులనుంచి, అంచులనుంచి కిందికి దిగిన నీరు లారీ చక్రం పడినప్పుడల్లా ఒత్తిడికి పైకి చిమ్మేది. దానితోపాటు పలక కింది మట్టి, ఇసుక కొట్టుకువచ్చేవి. కొంతకాలానికి పలక కింద డొల్ల ఏర్పడేది. ఆధారంలేని పలక బరువుకు విరిగేది. విఫలమైన కాంక్రీటు ఖండాల కథ చాలావరకు ఇదే. బరువు రోడ్డును విరిచినా, విరిచేందుకు దారి చేసినది నీరు.

నాలుగో ఘాతపు సూత్రం

లక్షలాది కొలతలను క్రోడీకరించగా తేలిన నిజం ఇంజనీర్లను సైతం ఆలోచింపజేసింది. ఇరుసుమీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు. సుమారు పదహారు రెట్లవుతుంది. రెండును నాలుగుసార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య అది. బరువు మూడింతలైతే నష్టం ఎనభై ఒక్క రెట్లు. దీనికే ‘నాలుగో ఘాతపు సూత్రం’ అని పేరు వచ్చింది. 18,000 పౌన్ల, అనగా 8.16 టన్నుల ఒంటి ఇరుసును కొలబద్దగా పెట్టుకొని, ఏ ఇరుసు ఎన్ని కొలబద్ద ఇరుసులకు సమానమో చెప్పడం అప్పటినుంచి రివాజయింది.

ఈ లెక్కను కారుకు వర్తింపజేస్తే ఫలితం దిగ్భ్రమ కలిగిస్తుంది. టన్ను బరువున్న చిన్న కారులో ఒక్కొక్క ఇరుసుపై అర టన్ను ఉంటుంది. పది టన్నుల లారీ ఇరుసు దానికి ఇరవై రెట్లు. నష్టం మాత్రం 1 లక్షా 60 వేల రెట్లు! మంచి రోడ్డును కార్లు దాదాపు అరగదీయవనే చెప్పాలి. దానిని నలగగొట్టేవి బరువు ఇరుసులు.

ఇందులో లారీలవారికి కూడా ఉపకరించే సంగతి ఉంది. అదే సరుకును ఎక్కువ ఇరుసులమీద పంచితే నష్టం గణనీయంగా తగ్గుతుంది. ఇరవై టన్నులను రెండు ఇరుసులకు బదులు నాలుగు ఇరుసులపై మోస్తే ఒక్కొక్క ఇరుసు చేసే నష్టం పదహారో వంతు అవుతుంది. ఇరుసులు రెట్టింపైనందున మొత్తం నష్టం ఎనిమిదో వంతుకు దిగుతుంది. సరుకు ఒక్క బస్తా కూడా తగ్గదు. నేటి పెద్ద లారీలకు చక్రాల వరుసలు అన్నేసి ఉండడంలో ఉన్న మర్మమిదే. పన్నుల విషయంలోనూ కొన్ని దేశాలు ఈ దారి పట్టాయి. న్యూజిలాండ్ 1978 నుంచి డీజిలు వాహనాలకు బరువును, ఇరుసులను, నడిచిన దూరాన్ని బట్టి రుసుము విధిస్తూ వచ్చింది.

ఐతే పరీక్ష జరిపినవారు ఒక హెచ్చరిక కూడా చేశారు. తమ ఫలితాలు ఆ మట్టికి, ఆ వాతావరణానికి, ఆ నాటి లారీలకు, టైర్లకు సంబంధించినవని స్పష్టం చేశారు. నాలుగు అన్న సంఖ్య కూడా రోడ్డు రకాన్ని, మందాన్ని బట్టి అటూ ఇటూ మారే ఉజ్జాయింపు మాత్రమే. రెండేళ్ల నడకనుంచి ఇరవై ఏళ్ల భవిష్యత్తును ఊహించడంలో ప్రమాదం లేకపోలేదు.

మన దారులమీద

ఒటావా కొలబద్ద భారతదేశపు రోడ్ల గ్రంథాల్లోనూ స్థిరపడింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1970లో వెలువరించిన తారు రోడ్ల మార్గదర్శకాలు రోజుకు ఎన్ని వాణిజ్య వాహనాలు నడుస్తాయన్నదే చూశాయి. 1984 సవరణలో ఆ స్థానాన్ని కొలబద్ద ఇరుసుల లెక్క ఆక్రమించింది. అదే 8.16 టన్నుల ఇరుసు. ఒక్కొక్క లారీ సగటున ఎన్ని కొలబద్ద ఇరుసులకు సమానమో తెలుసుకోవడానికి, రోడ్డు వేయకముందే దారిపక్కన లారీలను ఆపి ఇరుసు ఇరుసునూ తూచడం ఆనవాయితీ అయింది.

మన దేశంలో నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు చట్టం చాలాకాలం 10.2 టన్నులు అనుమతించింది. ఒటావాలోని ఐదవ వలయంలో దొర్లిన ఒంటి ఇరుసు బరువు దాదాపు అంతే. కొలబద్ద ఇరుసుతో పోలిస్తే ఇది పావు వంతు ఎక్కువ. నష్టం మాత్రం దాదాపు రెండున్నర రెట్లు. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఈ పరిమితిని 11.5 టన్నులకు పెంచింది. బరువు పెరిగింది నూటికి పదమూడు పాళ్లు. నాలుగో ఘాతపు లెక్కలో నష్టం పెరిగేది నూటికి అరవై పాళ్లకు పైగా. లారీకి ఎక్కువ సరుకు, టన్నుకు తక్కువ డీజిలు అన్నది లాభం వైపు. రోడ్డు మందం, మరమ్మతు అన్నవి ఖర్చు వైపు. రెండు పళ్లేలనూ చూడకుండా తూకం సరిచూశామనుకోవడం పొరపాటు.

చట్టపరిమితిలోనే ఇంత తేడా ఉంటే, దానిని మీరిన బరువు మాటేమిటి? పరిమితికి పావు వంతు అదనంగా నింపిన ఇరుసు దాదాపు రెండున్నర ఇరుసుల పని చేస్తుంది. ఒక దారిమీద తిరిగే లారీలన్నీ అలాగే నింపుకుంటే పదిహేనేళ్లు మన్నవలసిన రోడ్డు ఆరేళ్లకే చేతులెత్తేస్తుంది. లారీ యజమానిని ఒక్కడినే నిందించి లాభం లేదు. కిరాయి తక్కువ, డీజిలు ప్రియం, టైర్ల ఖర్చు, టోలు రుసుము, అప్పు వాయిదాలు. ఆ పైన రెండు టన్నులు అదనంగా ఎక్కిస్తేనే ఆ ట్రిప్పులో నాలుగు డబ్బులు మిగిలే పరిస్థితి. ఆ రెండు టన్నుల లాభం అతనికి, సరుకు యజమానికి. నష్టం మాత్రం గుంటలో పడ్డ స్కూటరువానికి, ఆలస్యంగా ఆసుపత్రి చేరిన రోగికి, పన్ను కట్టే ప్రతివారికీ. 2019 సెప్టెంబరునుంచి అమలయిన మోటారు వాహనాల చట్ట సవరణ అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, మించిన ప్రతి టన్నుకూ మరొక 2,000 రూపాయలు విధించింది. అదనపు సరుకును దింపిన తరువాతే బండిని కదలనివ్వాలని కూడా చట్టం చెబుతుంది. ఆ చట్టానికి ప్రాణం పోయవలసినది దారిపక్క కాటా.

నీటి విషయంలోనూ ఒటావా పాఠం మనకు వర్తిస్తుంది. మన మైదానాల్లో నేల గడ్డకట్టదు. కాని అక్కడ వసంతం చేసిన పని ఇక్కడ వానాకాలం చేస్తుంది. తెలంగాణలోను, రాయలసీమలోను, దక్కను అంతటా విస్తరించిన నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఇల్లినాయ్ మట్టి ఇచ్చిన లెక్కను ఆ నేలకు యథాతథంగా అతికించడం కుదరదు. మన నేలను, మన వానను మన ప్రయోగశాలలే పరీక్షించాలి. 1952లో ఢిల్లీలో ప్రారంభమైన కేంద్ర రహదారి పరిశోధన సంస్థ వంటివాటి అవసరం ఇక్కడే ఉంది. పక్క కాలువ పూడిన రోడ్డుకు ఎంత మందపు తారు వేసినా ఆయువు పెరగదన్నది మాత్రం రెండు దేశాల్లోనూ ఒకటే.

ఆగని పరీక్ష

ఒటావా తరువాత మరికొన్ని పరీక్షా మార్గాలు వెలిశాయి. 1990లలో నెవాడా రాష్ట్రంలోని వెస్ట్‌ట్రాక్‌లో డ్రైవరు లేని లారీలే వలయం చుట్టూ తిరిగాయి. మినసోటాలో నడిచే రహదారి వాహనాలనే పరీక్షా ఖండాలమీదికి మళ్లించారు. అలబామాలో 2000లో ప్రారంభమైన 1.7 మైళ్ల వలయంపై రాష్ట్రాలు తమ తమ తారు మిశ్రమాలను పక్కపక్కనే వేయించి పోటీకి నిలిపాయి. మన దేశంలో ఇండోరు సమీపాన పీతంపూర్‌లో 2021లో 11.3 కిలోమీటర్ల వేగ పరీక్షా వలయం ప్రారంభమైంది. ఐతే అక్కడ బోనులో నిలబడేది వాహనం. ఒటావాలో నిలబడింది రోడ్డు.

పరీక్ష ముగిసిన పిదప ఒటావా దారిని బాగుచేసి 80వ నంబరు అంతర్‌రాష్ట్ర రహదారిలో కలిపారు. నేడు ఆ నేలమీదుగా నిజమైన సరుకుతో, నిజమైన ఊళ్లకు లారీలు సాగిపోతున్నాయి. ఆ సైనికులు ఏ ఊరికీ చేరకుండా నడిచిన దూరం మాత్రం వృథా కాలేదు. రోడ్డు బరువును మోస్తుంది. కాని మోసిన ప్రతి బరువునూ లెక్క రాసుకుంటుంది. ఆ లెక్క మనుషుల లెక్కలా కూడికలతో పోదు, గుణకారాలతో పోతుంది. కాటా దగ్గర తూచి పంపిన ఒక్కొక్క టన్నూ ఆ పద్దులో మనకు మిగిలే జమ.